ఐదున్నర దాకా ఆగిన కాయ

మొన్న నా రక్తపరీక్ష రిపోర్టు ఫోనుకు వచ్చింది. షుగరు ఫరవాలేదు, కొలెస్ట్రాలు కాస్త ఎక్కువ. నా చూపు మాత్రం పైన వేసిన తేదీ దగ్గర ఆగిపోయింది. రక్తం తీసిన తేదీ ఒకరోజు వెనక్కి పడి ఉంది.

ల్యాబు మనిషి మా వీధిలోనే ఉంటాడు. నేను చీకటితోనే లేస్తానని తెలుసు కనుక తన తిరుగుడు మా ఇంటితోనే మొదలుపెడతాడు. ఆ రోజు కూడా వీధిదీపాలు ఆరకముందే వచ్చి, పరగడుపున రక్తం తీసుకుని వెళ్లాడు. రిపోర్టులో ఉన్న తేదీన నేను హనుమాన్ జంక్షన్‌లో బంధువుల పెళ్లిలో ఉన్నాను. పూర్ణం బూరెలు తిన్నాను. నా డైరీలో ఉంది.

ల్యాబుకు ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"తేదీ ఒకరోజు వెనక పడిందమ్మా."

"తెల్లారకముందు తీసినవాళ్లకి అట్టాగే పడుద్దండీ. కంప్యూటర్ అంతే. షుగర్ కరెక్టేగా?"

"షుగర్ కరెక్టే."

"మరింకేంటండీ?"

ఇంకేంటో నేను చెప్పలేకపోయాను. చెప్పగలిగిన మనిషి పోయిన వానాకాలంలో చనిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. ప్యాక్‌హౌసులో అందరికీ ఆమె మేడం గారు. నాకు అమ్మాయి. ఆమెకు నేను బాబాయి గారిని. ఈ పిలుపులు చాలు.

రెడ్డిగూడెం వెళ్లే దారిలో మా మామిడి రైతుల సంఘానికి ఒక ప్యాక్‌హౌసు ఉంది. తోటల నుంచి వచ్చిన బంగినపల్లి కాయను అక్కడ తూకం వేసి, కడిగి, సైజు వారీగా ఏరి పెట్టెల్లో సర్దుతారు. ఒక పెద్ద కంపెనీ కొంటుంది. అందులో మేలైన కాయ విదేశాలకు పోతుంది. గణాంక శాఖలో రిటైరయ్యాక, నాకూ నాలుగు చెట్లున్నాయని, లెక్క తప్పననీ సంఘానికి కార్యదర్శిగా కూర్చోబెట్టారు. జీతం లేని పని. ఆమె జీతానికి వచ్చింది. కంప్యూటర్లు, రిపోర్టులు ఆమెవి. అంతకుముందు హైదరాబాదులో పెద్ద కంపెనీలో డేటాబేసుల పని చేసిందని, తల్లి కోసం బాపులపాడు వచ్చేసిందని విన్నాను. అంతకు మించి తన గురించి తను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆమె మగవాళ్ల వాచీ పెట్టుకునేది. వాళ్ల నాన్నది. మణికట్టుకు వదులై డయలు ఎప్పుడూ లోపలి వైపుకు జారిపోయేది. టైం చూడాలంటే అరచెయ్యి పైకి తిప్పాలి. కొత్తవాళ్లకు ఆమె ఎవరినో ఏదో ఇమ్మని అడుగుతున్నట్టు కనపడేది. డ్రాయరులో ఉప్పూకారం కలిపిన డబ్బా, చిన్న చాకు ఉండేవి. ఏ రైతు కాయ వచ్చినా ఒకటి కోసి, టెంక ముదిరిందో లేదో చూసి, ముక్క ఉప్పుకారంలో అద్దుకుని తింటూ కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆ కీబోర్డు మీద కారం మరకలు ఉండేవి. ఎవరైనా అంటే, "ఇది నా కీబోర్డని దొంగక్కూడా తెలుస్తుందండీ" అనేది.

కోపం వస్తే ఆమెకు గొంతు తగ్గి మర్యాద పెరిగేది. మామూలుగా మేనేజరును "ఏంటయ్యా" అనే మనిషి, "చూడండి మేనేజరు గారూ" అందంటే అక్కడున్నవాళ్లు మెల్లగా బయటికి వెళ్లిపోయేవారు.

ఆమె నోట్లో ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది. ఎవరు ఏ టైం చెప్పినా, "ఎక్కడి టైం?" అనేది. లారీ పది గంటలకు బయలుదేరిందంటే, "ఎక్కడి టైం?" కంపెనీ మీటింగు మూడింటికి అంటే, "ఎక్కడి టైం?" మొదట్లో అది వెటకారమనుకున్నాను. ఒకసారి నా డైరీ బల్ల మీద ఉంటే తెరిచిన పేజీ చూసింది.

"టైం రాస్తారు, బాగుంది. పక్కన ఊరు రాయరేం బాబాయి గారూ?"

"నేను ఎక్కడికి పోతానమ్మా? నూజివీడేగా."

"మీకు తెలుసు. డైరీకి తెలియదుగా."

అప్పటి నుంచి నేను టైం పక్కన నూజివీడు అని రాస్తున్నాను. ఇప్పటికీ రాస్తాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మండలంలో పడిన వాన నేను పొద్దున్నే ఎనిమిదిన్నరకు కొలిచేవాణ్ణి. వాన లెక్కకు రోజు ఎనిమిదిన్నరకు మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. ఎనిమిదే ఎందుకు కాదు, తొమ్మిదే ఎందుకు కాదు అని పైవాళ్లను అడిగితే రూలు అనేవారు. ఆమెకు చెప్పాను. చేతివేళ్ల మీద ఏదో లెక్కేసి నవ్వింది.

"అక్కడ లండన్ దగ్గర అప్పుడు సరిగ్గా మూడు గంటలు. ప్రపంచమంతా ఒకే గడియారం చూసి కొలవాలని పెట్టుంటారు. మీరు ఇన్నేళ్లూ లండన్ టైంకే వాన కొలిచారు బాబాయి గారూ."

"నేనా?"

"మీరే. కాకపోతే రిపోర్టులో మన టైం వేశారు. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు."

ఆ చివరి మాట ఆ రోజు సరదాగా విన్నాను. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఒకసారి సంతకం కోసం మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ కాఫీ తెచ్చేలోపు గోడ గడియారం చూసి బస్సు పోతుందని లేచింది.

"కూర్చో అమ్మా, అది పది నిమిషాలు ముందుంటుంది," అంది మా ఆవిడ.

"ఎందుకు పిన్నిగారూ?"

"ముందుంటే ఆలస్యం కాకుండా ఉంటామని."

"ముందుందని మీకు తెలుసుగా?"

"తెలుసు."

"మరి మనసులో పది తీసేసుకుంటారుగా?"

"తీసేసుకుంటాం."

"మరి పెట్టడం ఎందుకండీ?"

"అది ఆయన్ని అడుగు. నేను ఈ ఇంటికి వచ్చేసరికే అది ముందుంది."

ఆమె కాఫీ తాగుతూ గడియారం వంకే చూసింది. "మా చర్చిలోనూ ఇంతే. ఇంట్లోవాళ్లకి తెలుసు, చుట్టానికి తెలియదు. చుట్టం పరిగెత్తుతాడు," అంది.

ఆ మాట పట్టుకుని నేను గడియారం సరిచేశాను. వారం తిరక్కుండా మా ఆవిడ అలవాటుగా పది తీసేసుకుని ఏలూరు బస్సు పోగొట్టుకుంది. ఆ సంగతి చెబితే అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గడియారాన్ని సరిచెయ్యడం తేలిక బాబాయి గారూ. పిన్నిగారిని ఎవరు సరిచేస్తారు?" అంది.

ఇక కోటయ్య సంగతి.

కోటయ్య కౌలు రైతు. సొంత చెట్టు ఒక్కటి లేదు. ప్యాక్‌హౌసుకు దగ్గర్లో ఒక పెద్ద తోట కౌలుకు తీసుకుని కన్నబిడ్డలా పెంచాడు. వేసవి ముదిరేకొద్దీ కోత మనుషులు పొద్దెక్కితే నిలబడలేమంటారు. అందుకని తలకు లైట్లు కట్టుకుని చీకట్లోనే గెడలకు వల కట్టిన చిక్కాలు పట్టుకుని కోత మొదలుపెట్టించేవాడు. సొన కారకుండా తొడిమ ఉంచి కోయించి, గోతాలు పరిచిన ట్రాక్టరులో తెల్లారకముందే గేటు దగ్గరుండేవాడు. అతని కాయ మీద ఎండ పొడ పడేది కాదు. మొదటి తూకం ఎప్పుడూ అతనిదే.

కంపెనీకి ఒక నియమం ఉంది. కోసిన రోజునే కాయ ప్యాక్‌హౌసుకు చేరాలి. కోత తేదీ రైతు తన ఫోనులో వేస్తాడు. చేరిన టైం మా గేటు దగ్గర కంప్యూటర్ వేస్తుంది. రెండు తేదీలూ కలిస్తే సరే. వారం పాటు కలవకపోతే, కంప్యూటర్‌లో ఆ రైతుకు ఇచ్చిన కోడు దానంతటదే ఆగిపోతుంది. కోడు ఆగితే అతని కాయ తూకం ఎక్కదు.

ఒకరోజు పొద్దున కోటయ్య ట్రాక్టరు తూకం దగ్గరే నిలిచిపోయింది. కోడు ఆగిపోయింది. మేనేజరు రిపోర్టు తీసి చూశాడు. కోత తేదీ ఆ రోజుది. కాయ చేరిన తేదీ ముందు రోజుది. అంతకుముందు వారం రోజుల లోడ్లూ అలాగే ఉన్నాయి. మేనేజరు కుర్రవాడే, చెడ్డవాడు కాదు. ఆ కాగితం చూసి అతనికే భయమేసింది.

"కోయకముందే కాయ వచ్చిందంటోంది మేడం. దొంగ తేదీలు వేస్తున్నాడని కంపెనీవాళ్లు అనుకుంటారు."

ఆమె కాగితం తీసుకుని ఒక్కసారి చూసింది. చాకు కింద పెట్టింది.

"తెల్లారకముందు వచ్చినవే ఇలా పడ్డాయి చూడండి మేనేజరు గారూ," అంది. గారూ అంది కనుక నేను కుర్చీలోంచి లేచాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. కంప్యూటర్లు దేశానికొక టైం పట్టుకుంటే లెక్కలు కలవవు కనుక లోపల అన్నీ ఒకే గడియారం మీద దాచుకుంటాయి. అది లండన్ దగ్గరి టైం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అలా దాచుకోవడం తప్పు కాదు, అదే సరైన పద్ధతి. బయటికి తీసి చూపించేటప్పుడు మాత్రం ముందు మన టైంలోకి మార్చి, ఆ తర్వాత ఇది ఏ తేదీ అని చూడాలి. నగరంలో కంపెనీకి ఆ రిపోర్టు రాసినవాళ్లు టైం మార్చకముందే తేదీ కోసేశారు. మనకు పొద్దున ఐదున్నర అయితే గాని అక్కడ అర్ధరాత్రి దాటి తేదీ మారదు. ఆలోపు మన గేటు దాటిన ప్రతి కాయా ముందు రోజు కాయే. ఏడింటికి తాపీగా వచ్చేవాళ్ల కాయ తాజాది. అందరికన్నా ముందు వచ్చిన కోటయ్య కాయ పాతది.

ఆ మధ్యాహ్నమే నగరానికి ఫోన్ కలిపి అందరికీ వినపడేలా పెట్టింది. నేనూ మేనేజరూ ఉన్నాం. కోటయ్య తలుపు దగ్గర తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

"మేడం, చెక్ చేశాం. డేటాబేస్‌లో టైం కరెక్ట్‌గానే ఉంది మేడం," అన్నాడు అవతలి మనిషి.

"ఉందండీ. నేనూ అదే చెప్తున్నా. దాచింది కరెక్టే. చూపించేదే తప్పు. తేదీగా విడగొట్టే ముందు మన టైంలోకి మార్చండి. ఐదున్నర కలపడం కాదండోయ్, ఊరి పేరుతో మార్చండి. మీ కంపెనీ కాయ పంపే దేశాల్లో ఎండాకాలం గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు. రేపు వాళ్ల రిపోర్టుల్లో మళ్లీ ఇదే గోల."

"అన్ని ప్యాక్‌హౌసులకీ ఇదే రిపోర్ట్ మేడం. ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు."

"అందరికీ తప్పుంటే ఒప్పవుద్దాండీ?"

"అది కాదు మేడం. సీజన్ మధ్యలో రిపోర్ట్ ముట్టుకోకూడదు. కంప్లైంట్ టికెట్ వేశాం. సీజన్ అయ్యాక చూస్తారు."

"సీజన్ అయ్యాక కాయ ఉండదండీ."

కోటయ్య మెల్లగా అడిగాడు.

"అమ్మా, కోయకముందే నా కాయ ఎట్టా వచ్చిందంట?"

"లండన్ మీదుగా వచ్చింది కోటయ్య గారూ."

"నేను బెజవాడే ఎప్పుడన్నా పోతానమ్మా," అన్నాడు అతను.

మేనేజరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోనులో మనిషి కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. అరచెయ్యి తిప్పి వాచీ చూసుకుంది. "కోడన్నా తెరవండి. మా గేటు చీటీలు ఉన్నాయి, వాటి మీద మన టైమే పడుతుంది. అన్నీ పంపిస్తాను," అంది. సరే పంపండి, విచారణకు పెడతాం అన్నారు.

చీటీలు పంపింది. తెల్లవారుజామున గేటు కెమెరా తీసిన ఫోటోలు పంపింది. రోజూ ఫోన్ చేసేది. ప్రతి రోజూ ఒక కొత్త గొంతు మొదటి నుంచీ అడిగేది. ప్రతి రోజూ ఆమె మొదటి నుంచీ చెప్పేది. నేను సంఘం తరఫున ఉత్తరం రాశాను. అందినట్టు జవాబు వచ్చింది, అంతే.

కాయ విచారణ కోసం ఆగదు. కోటయ్య తోటలో కాయ చెట్టు మీదే పండబారింది. గాలి వచ్చినప్పుడల్లా రాలేది. మిగిలింది దారిన పోయే వ్యాపారి అడిగిన ధరకు పోయింది. అతనికి అంతకన్నా బాధ కలిగించింది వేరే ఉంది. రెడ్డిగూడెం టీ కొట్టు దగ్గర ఎవరో "నీ కాయ కోయకముందే వచ్చుద్దంటగా కోటయ్యా, మాక్కూడా ఆ చెట్టు అంటు ఇయ్యి" అన్నారట. ఆ మాట తోట యజమాని చెవిన పడింది. వచ్చే ఏడు తోట వేరేవాళ్లకు ఇస్తానని కబురు చేశాడు. నేను వెళ్లి చెప్పి చూశాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చండీ. కానీ కంప్యూటర్ ఊరికే ఎందుకు ఆపుద్ది?" అన్నాడు. లండన్ గడియారం గురించి ఆయనకు మొదలుపెట్టి మధ్యలో నేనే ఆపేశాను.

ఈలోపు మిగతా రైతులకు ఇలా జరగకూడదని మేనేజరు ఒక ఉపాయం చేశాడు. ఐదున్నర లోపు గేటు తీయొద్దన్నాడు. బోర్డు రాయించి పెట్టించాడు: ఐదున్నరకు ముందు కాయ తీసుకోబడదు. ఆ ఉపాయం పని చేసింది. ఇంకెవరి కోడూ ఆగలేదు. అందరూ మేనేజరును మెచ్చుకున్నారు.

ఆమె మాత్రం ఆ రోజుల్లో చిక్కిపోయింది. గేటు తెరిచే బాధ్యత ఆమె మీదే పడింది. తెల్లవారుతుంటే బయట ట్రాక్టర్ల వరస. కాయ మీద మంచు తడి ఆరిపోతూ ఉండేది. డ్రైవర్లు బీడీలు కాలుస్తూ "మేడం గారూ, ఇంకా అవలేదా?" అని కేకలేసేవారు. ఆమె గేటు లోపల అరచెయ్యి పైకి తిప్పి నిలబడేది. ఐదున్నర కాగానే "రండి, అక్కడ రోజు మారింది" అని గడియ తీసేది.

"నిజం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆపేదీ నేనే," అంది ఒకరోజు.

సీజన్ చివర్లో ఆమె ఫోనుకు ఒక్క వరస సందేశం వచ్చింది. కోటయ్య కోడు తెరిచారు, సమస్య పరిష్కరించబడినది. నన్ను వెంట తీసుకుని అతని ఇంటికి వెళ్లింది. కోటయ్య చిక్కాల వలలు విప్పి తాడు చుడుతున్నాడు. విని తల ఊపాడు.

"మంచిదమ్మా. నా తప్పు లేదని రాశారా?"

ఆమె ఫోను మళ్లీ చూసింది. అలా రాయలేదు. పరిష్కరించబడినది అని మాత్రమే ఉంది.

"రాశారు," అంది.

అబద్ధం చెప్పడం ఆమె నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

మరుసటి వేసవి మొదట్లో నగరంవాళ్లు రిపోర్టు సరిచేశామని కబురు పెట్టారు. ఆమె నమ్మలేదు. ఒక తెల్లవారుజామున నన్ను రమ్మంది. చేతిసంచిలోంచి ఒక్క బంగినపల్లి కాయ తీసి, అంత పెద్ద కాటా మీద పెట్టింది. ట్రాక్టర్లు ఎక్కే కాటా అది. మధ్యలో ఒక్క కాయ. పరీక్ష కోసం ఒక కోడు వేసి గేటు టైం నమోదు చేసింది. మర్నాడు రిపోర్టు తీస్తే తేదీ సరిగ్గా పడింది. తెల్లారకముందు వచ్చిన కాయ ఆ రోజు కాయగానే కనపడింది. కంప్యూటర్‌కు చెప్పిన ఊరి పేరు కూడా చూపించింది. కోల్‌కతా అని ఉంది.

"నూజివీడంటే దానికి తెలియదు బాబాయి గారూ. కలకత్తా పేరు చెప్తేనే మనల్ని గుర్తుపడుతుంది," అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. ఆ కాయ కోసి ఉప్పుకారం అద్ది నాకూ ఒక ముక్క ఇచ్చింది. పళ్లు పులిసిపోయాయి.

వెంటనే వెళ్లి బోర్డు తీసేయమని మేనేజరుకు చెప్పింది.

"ఇప్పుడెందుకు మేడం? అందరికీ అలవాటైపోయింది. తూకం మనుషులు కూడా ఐదున్నరకే వస్తున్నారు. ముందు తెరిస్తే ఇంకో ముగ్గుర్ని పెట్టాలి."

"ఇప్పుడు కారణం లేదు కదండీ మేనేజరు గారూ."

"కారణం లేకపోతే నష్టమేంటి మేడం?"

ఎండ ఎక్కేకొద్దీ కాయ వేడెక్కుతుందని, వేడెక్కిన కాయ పెట్టెలో నిలవదని చెప్పింది. పైవాళ్లను అడుగుతానన్నాడు. అడిగాడో లేదో తెలియదు. కొద్ది రోజులకే ఆమె సెలవు పెట్టింది. ఆ సెలవు అయిపోయాక ఇంకో సెలవు. వేసవి ముగిసేసరికి అది ఏ జబ్బో మాకు తెలిసింది.

బాపులపాడులో వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉంది. వాచీ చేతికి నిలవక దిండు పక్కన పెట్టుకుంది. వాళ్లమ్మ టీ ఇచ్చి గుమ్మంలో కూర్చుంది. నేను తెచ్చిన రసాలను చూసి, "ఇవి పిండుకుని తాగేవి, నాకు కోసేవి కావాలి" అని హాస్యమాడింది. తర్వాత అడిగింది.

"గేటు దగ్గర ఇంకా ఆపుతున్నారా?"

"ఆపుతున్నారమ్మా."

"ఆ బోర్డు తీయించండి బాబాయి గారూ. మీరు కార్యదర్శి కదా."

"తీయిస్తాను."

"నాకు వేరే ఏమీ లేదు. అది ఒక్కటీ చూడండి. నా చేత్తో ఆపాను అందరినీ."

వానాకాలంలో ఆమె పోయింది. చర్చిలో నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. గోడ గడియారం పది నిమిషాలు ముందుంది.

నేను మాట నిలబెట్టుకోవడానికి నాకు తెలిసిన పద్ధతులన్నీ చేశాను. బోర్డు విషయం సంఘం సమావేశంలో పెట్టాను. ఒక పేజీ రాసుకుని చదివాను. ఎందుకు పెట్టారు, ఇప్పుడు ఎందుకు అక్కర్లేదు, అంతా చెప్పాను. నిజానికి నేను ఆ సమావేశంలో గెలుస్తాననుకున్నాను. మేనేజరు అభ్యంతరం చెప్పలేదు. అడ్డం వచ్చింది రైతులే.

"అట్టా ఎట్టా తీసేస్తామండీ? మేడం గారు పెట్టింది అది."

"ఆవిడ పెట్టలేదు. తీయమంది."

"మీకు తెలియదండీ. వాన పడతన్నా గొడుగేసుకుని గేటు కాడ నిలబడేది ఆవిడ. ఊరికే నిలబడుద్దా?"

ఇంకొకాయన లేచాడు. "ఐదున్నర లోపు తూకమేస్తే కోడు పోద్దండీ. కోటయ్యది పోలేదా? ఆ బోర్డు వచ్చినాక ఒక్కరిదన్నా పోయిందా?"

చేతులెత్తమన్నారు. నా చెయ్యి ఒక్కటే లేచింది. బోర్డుకు కొత్తగా రంగు వేయించాలని, కింద ఆమె జ్ఞాపకార్థం అని రాయించాలని కూడా ఆ సమావేశంలోనే తీర్మానించారు. ఆ తీర్మానం కార్యదర్శిగా నేనే రాయాల్సి వచ్చింది. రాశాను. ఆమె పేరు రాయించకుండా మాత్రం ఆపగలిగాను. మేడం గారి జ్ఞాపకార్థం అని రాశారు.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన మర్నాడు ఎందుకో ఇంట్లో ఉండలేకపోయాను. చీకటి ఉండగానే మొదటి ఆటో ఎక్కి ప్యాక్‌హౌసు దగ్గర దిగాను. గేటు మూసి ఉంది. బయట ట్రాక్టర్ల వరస. అన్నిటికన్నా ముందున్న ట్రాక్టరు మీద కోటయ్య ఉన్నాడు. ఇప్పుడతనికి తోట లేదు. పాత తోట కొత్తవాళ్లు తీసుకున్నారు. వాళ్ల కాయను వాళ్ల ట్రాక్టరులో తోలుతున్నాడు. చెట్లు అవే. అతను వచ్చే వేళా అదే.

నన్ను చూసి దిగి, సీటు మీది గోతం దులిపి కూర్చోమన్నాడు. కాయ మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. తూర్పున మామిడి చెట్ల పైన ఎర్రబడుతోంది. ఇంకాసేపటికి ఇది చల్లగా ఉండదు.

"కోటయ్యా, ఇప్పుడు ముందొచ్చినా కోడు ఆగదు. కంప్యూటర్ ఎప్పుడో బాగుచేశారు. మేడం గారే పరీక్ష చేసి చూసింది. నువ్వు గట్టిగా అడిగితే తీస్తారు. నీ మాటకి అందరూ సరే అంటారు."

అతను బోర్డు వంక చూశాడు. కొత్త రంగు చీకట్లో కూడా తెల్లగా కనపడుతోంది.

"నా పేరు మళ్లీ మంచిదని రాయించింది ఆవిడండీ. మీరూ ఉన్నారుగా ఆ రోజు. ఆవిడ ఆగమన్నాక నేను తియ్యమంటానా?"

ఆ రోజు ఫోనులో ఏం రాసి ఉందో నాకు తెలుసు. వెనక ట్రాక్టరు డ్రైవరు ఎవరో ఫోను వెలిగించి చూసుకుని, "ఐదు దాటింది, ఇంకా ఎంతసేపు?" అని అరిచాడు. కోటయ్య వెనక్కి తిరిగి, "టైం అవలేదు, ఉండవయ్యా" అన్నాడు.

నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఆమె మాట వచ్చింది.

"ఎక్కడి టైం, కోటయ్యా?"

అతను తలపాగా విప్పి కాయ మీద కప్పుతూ, ఇదేం ప్రశ్న అన్నట్టు నా వైపు చూశాడు.

"మేడం గారి టైమండీ."

గేటు తెరిచేదాకా నేనూ అతని పక్కనే నిలబడ్డాను.